గడ్డి అడ్డమన్న వేటగాడు

లజ్‌హర్ మా కొండ ఊరు అయిన్ ద్రాహమ్ మునిసిపాలిటీలో జనన పత్రాలకు ముద్ర వేసే గుమాస్తా. నలభై రెండేళ్లవాడు. ఆఫీసు అయిపోగానే నా గేముల దుకాణానికి వచ్చి కంప్యూటర్‌లో అడవిపందుల వేట ఆడేవాడు. ఆటకన్నా ముందు అరగంట సెట్టింగులతో కుస్తీ. గడ్డి అట్టడుగుకి తగ్గించేవాడు, నీడలు ఆపేసేవాడు, పొగమంచు తీసేసేవాడు, వెలుతురు చివరిదాకా పెంచేవాడు. అప్పుడా పంది ఊడ్చిన వాకిట్లో బోర్లించిన మసికుండలా కనబడేది. దాన్ని కాల్చి కుర్చీలో వెనక్కి వాలేవాడు.

"చూశావా రిధా, కన్నంటే ఇదీ!"

"కన్ను కాదయ్యా, క్షవరం. అడవికి గుండు కొట్టి పందిని చంపితే గొప్పేముంది?" అన్నాను.

"నీకు కుళ్లు."

ఆ ఏడు వానలు లేవు. అక్టోబరులో అసలు వేట మొదలవగానే లజ్‌హర్ తన తండ్రి తుపాకీ తుడుచుకుని, కొత్త టోపీ పెట్టుకుని మా ఊరి వేటజట్టుతో వచ్చాడు. అతన్ని లోయ మొగలో నిలబెట్టి, మేం పై నుంచి పందుల్ని తోలాం. పిల్లలతో సహా ఆడపంది అతని ముందే పదడుగుల్లో దాటిపోయింది. గట్టు మీదున్న మాకందరికీ కనిపించింది, అతనికి తప్ప.

"పొద అడ్డమొచ్చింది," అన్నాడు.

"అడవిలో పొదలు కాక పరుపులుంటాయా?" అన్నాడు ముసలి బూజెమా. నవ్వలేక చచ్చాం.

తర్వాతి శుక్రవారం అందరం మసీదులో ఉండగా లజ్‌హర్ ఒక్కడే ఆ లోయకు వెళ్లి పొదలకు నిప్పు పెట్టాడు. పొదలు పోతే పంది కనిపిస్తుందట! గాలి మళ్లింది. మంట సీసా బిరడాలు చేసే బెండు చెట్ల మీదుగా ఎగబాకి మబ్రూకా పిన్ని తేనెపెట్టెల దాకా పోయింది. ఆమె విధవరాలు, పదకొండు పెట్టెలే జీవనాధారం. ఊరంతా పారలూ పచ్చికొమ్మలూ పట్టుకుని కొట్టినా ఒక్కటీ దక్కలేదు. లజ్‌హర్‌ని అటవీ గార్డులు వాగులో పట్టుకున్నారు. మోకాళ్ల లోతు నీళ్లలో తుపాకీ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

మసి మొహంతోనే మబ్రూకా అతని దగ్గరికెళ్లింది.

"పంది కనిపించిందా నాయనా?"

"ఎక్కడ పిన్నీ, ఆ పొగలో ఏం కనిపిస్తుంది!"

వెక్కిరింత కాదు, నిజంగానే తన కష్టం చెప్పుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచిన గార్డు ఉమ్మేసి తుపాకీ లాక్కున్నాడు.

నాలుగు నెలలు జైల్లో ఉండొచ్చాడు. ఉద్యోగం పోయింది. తిన్నగా నా దుకాణానికే వచ్చాడు.

"ఆ రోజు గాలి మోసం చేసింది రిధా. లేకపోతేనా..."

"ఇక్కడ నీకు కుర్చీ లేదు. వెళ్లు."

"ఊరంతా ఒకటైపోయారు," అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

మబ్రూకాకి బూజెమా రెండు పెట్టెలిచ్చాడు. కాలిన కొండ మీద పువ్వు లేదు గనక, వాటిని వాగు అవతల పెట్టుకుని రోజూ గంటసేపు నడిచి వెళ్తోంది. ఈ వసంతంలో వచ్చిన తేనె కొంచెమే. మంట ఆర్పడానికి వచ్చిన ఇళ్లన్నిటికీ తలా ఒక చిన్న గిన్నెడు పంపింది.