వెన్న మీద చాక్లెట్ పలుకులు

నిన్న కొట్లో కనబడితే కొనుక్కొచ్చిన చాక్లెట్ పలుకుల డబ్బా విప్పగానే కోకో వాసన వంటింట్లో నిండింది. స్కార్‌బరోలో నా ఎనిమిదేళ్లప్పటి ఉదయాలు గుర్తొచ్చాయి.

అప్పట్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్లే. గుమ్మాల ముందు తడిసిన బూట్ల వరసలు, కిటికీల్లోంచి తిరగమాత వాసనలు. అమ్మా నాన్నా తెల్లవారుతూనే పక్క ఊరు మార్కమ్‌లోని ఆఫీసులకి వెళ్లిపోతే, స్కూలు బస్సు వచ్చేదాకా నేను పక్కింటి డచ్ ముసలావిడ దగ్గర ఉండేదాన్ని. ఆవిడని ఓమా అనేదాన్ని, వాళ్ల భాషలో అమ్మమ్మ అని. చల్లారకుండా చిన్న ఊలు టోపీ తొడిగిన ఉడికిన గుడ్డు ముందు తినిపించి, ఆ తర్వాత మెత్తటి బ్రెడ్డుకి అంచుల దాకా వెన్న పూసి, పైన చాక్లెట్ పలుకులు చల్లి, అరచేత్తో అద్ది ఇచ్చేది. పళ్లెంలో రాలినవి తడివేలితో ఏరుకు తినేదాన్ని.

"పొద్దున్నే ఏం పెడుతుందే ఆవిడ?" అని అమ్మ ఒకసారి అడిగితే, "చాక్లెట్, అంతే" అన్నాను. గుడ్డంటే నాకు ఇష్టం లేదు. ఆ సంగతి చెబితే ఇంట్లోనూ పెడతారని భయం. అమ్మ మండిపడి, సోమవారం నుంచి నన్ను మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్రవంతి అక్కకి అప్పగించింది. నా తెలివి నాకే చుట్టుకుంది.

ఉప్మా ముందు మూతి ముడుచుకుని కూర్చుంటున్నానని జాలిపడి, అక్క అలాంటి డబ్బానే తెచ్చింది. మనవాళ్ల అలవాటు కొద్దీ పెనం మీద నెయ్యి వేసి బ్రెడ్డు కాల్చి, ఆ వేడి మీదే పలుకులు పోసింది. అవి కాస్తా కరిగి నల్లటి ముద్దయ్యాయి.

"ఇదేందే, ఇట్లయింది? పద, ఆమెనే అడుగుదాం" అని ఓమా ఇంటికి తీసుకెళ్లింది.

నేను వెళ్లడం మానేసి రెండు వారాలైంది. అయినా ఓమా బల్ల మీద రెండు పళ్లేలున్నాయి. నా పళ్లెం పక్కన టోపీ తొడిగిన గుడ్డు ఉంది.

"గుడ్డు గూడ పెడ్తదా? మీ అమ్మకు చెప్పు" అంది అక్క, తిరిగొచ్చే తోవలో. సరేనన్నాను. కానీ దాచినందుకు అమ్మ తిడుతుందన్న భయంతో చెప్పలేదు. మళ్లీ మంచు పడకముందే ఓమాని కూతురు ఎక్కడో దూరాన తనుండే సస్కటూన్‌కి తీసుకెళ్లిపోయింది.

ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. బేస్‌మెంట్ల ముందు అప్పటన్ని బూట్లు లేవు. ఈ పొద్దున అంచుల దాకా వెన్న పూస్తూ, ఇన్నేళ్లకి అమ్మకి గుడ్డు సంగతి చెప్పాను.



"వెళ్లిపోయే రోజు ఆవిడ నాకు చెయ్యి ఊపింది. నేను చూడనట్టు లోపలికి వచ్చేశానే" అంది అమ్మ.