వానకోటులో ఉదయగిరి కోట

ఆత్మకూరుకు కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో నా బతుక్కి కోట ఒక్కటే తక్కువయిందని తెగ బాధపడేదాన్ని. (నవ్వకండి.) మా తోడికోడలు, మరిది ఉద్యోగం పుణ్యమా అని, ఏడాదిపాటు ఇంగ్లండులో ఉంది. ఆదివారం వస్తే చాలు, ఒక కోటకో, పాత జమీందారీ మేడకో పోవడం, దాని ముందు పొడుగు కోటూ టోపీతో, మనకు వీపు చూపిస్తూ నిలబడి ఫోటో దిగడం, ఇంటి గ్రూపులో పెట్టడం. పక్కనే పచ్చిక, పచ్చికలో గొర్రెలు. మొహం కనపడకపోతే అదేం ఫోటో అని మూతి తిప్పుకునేదాన్ని గానీ, కడుపులో భగ్గుమనేది. సాయంత్రమైతే మా అత్త అరుగు మీద కూర్చుని, ఫోను పక్కింటి పెద్దమ్మకు చూపిస్తూ "నా చిన్న కోడలు! ఎంత లక్షణంగా నిలబడినాదో చూడు" అని మురిసిపోయేది. లోపల దోసెలు పోస్తున్న పెద్ద కోడలి ఫోటో ఆ ఫోనులో ఒక్కటీ లేదు. అత్త ఒక్కసారి నా ఫోటో అలా చూపిస్తే చాలు, ఇంకేం అడగను అనుకునేదాన్ని.

మనకు మాత్రం కోట లేదా? "ఉదయగిరి పోదాం పదండి" అన్నాను మా ఆయనతో. "ఈ ఎండలో కొండెక్కేదేందే, నీకేమన్నా పిచ్చా?" అంటూనే బండి తీశాడు. పులిహోర కట్టుకుని బయల్దేరాం. ఆయాసపడుతూ పైకెక్కి, కూలిన గోడ ఒకటి ఎంచుకున్నాను. పొడుగు కోటు నాకెక్కడిది? ఆయన వానకోటే తొడుక్కున్నాను. చుక్క వాన లేదు, లోపల నేను మాత్రం నిలువునా తడిసిపోయాను. నెత్తిన టోపీ, వీపు ఇటువైపు. "మేకలు అడ్డమొస్తా ఉండాయే!" అని ఆయన కేక. తోలేయమన్నాను. (ఆమె ఫోటోలో గొర్రెలైతే అందమూ, నా ఫోటోలో మేకలైతే అసహ్యమూనా? అప్పుడు తోచలేదు.) అన్నీ పోయాయి, ఒకటి మాత్రం మొండికేసింది. దానితోనే ఫోటో దిగి గ్రూపులో పెట్టించాను.

ఆ సాయంత్రం పెనం దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. "ఓ వదినా, నా చిన్న కోడలు ఇంకో కోటకు పోయినాది. అన్నిట్లోకీ ఇదే బాగుండాది!" అంటోంది అత్త. (ఆమె బొమ్మలే చూస్తుంది, పేర్లు చదవదు.) దోసె మాడితే మాడిందని బయటికి ఉరికాను. "అత్తా, అది నేను! ఉదయగిరిలో!" అత్త ఫోను ముక్కుదాకా తెచ్చుకుంది. "నువ్వా? ఇది మా అబ్బోడి వానకోటు గదా! ఇంత ఎండలో ఎందుకేసుకున్నావే, చెమటకాయలు లేస్తాయే!" అరుగు మీద ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను వంటింట్లోకి పోయి నిజంగానే ఏడ్చాను.

అంతలో తోడికోడలు ఫోను. "అక్కా, బావ చెప్పినాడు, గోడెక్కి కూర్చుని పులిహోర తిన్నారంట గదా! ఇక్కడ కోటల్లో కుర్చీలన్నిటికీ తాడు అడ్డం కట్టినారు, కూర్చోనీరు, తాకనీరు. నీ మీద కుళ్లుగా ఉండాదక్కా!" ఆ మాటతో నా కడుపు చల్లబడింది. రెండు మాడు దోసెలు తిన్నాను.

ఒక్కసారి చూపిస్తే చాలనుకున్నానా? ఇప్పుడు ఇంటికెవరొచ్చినా అత్త ఆ ఫోటో తీసి "మా పెద్ద కోడలు, ఎండకు వానకోటేసుకున్నాది" అని చూపిస్తుంది. ఆపలేక చస్తున్నాను. అయినా ప్రతిసారీ ఆమె భుజం మీద నుంచి నేనూ తొంగి చూస్తాను. ఎంత సన్నగా ఉండేదో ఆ పిల్ల! ఒక్కసారి ఇటు తిరిగి ఉంటే మొహం కూడా చూసుకునేదాన్ని.