పిన్ని ఫ్యాక్సు, మా చంటిదాని నిద్ర

మా పిన్నికి నోటిమాట మీద నమ్మకం లేదు. లాండ్రీ పెట్టిన కొత్తలో ఒక హోటల్ మేనేజరు ఫోన్ చేసి, "వచ్చే నెల నుంచి దుప్పట్లు రెండింతలు పంపుతాం, ఏర్పాట్లు చూసుకోండి" అన్నాడట. ఈవిడ అప్పటికప్పుడు ఇంకో పెద్ద మెషీను కొని, ఇద్దరు ఆడవాళ్లను పనిలో పెట్టుకుంది. దుప్పట్లు మాత్రం రాలేదు. వెళ్లి అడిగితే, "నేనెప్పుడన్నానమ్మా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడట.

ఆ తర్వాత అదే హోటల్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు పిన్ని పట్టుబట్టి ఒక షరతు పెట్టించింది. ఒప్పందం పొడిగించినా, మార్చినా, మానుకున్నా నోటీసు ఫ్యాక్సులోనే రావాలి. ఫోన్లో చెబితే చెల్లదు, చేత్తో ఇస్తే చెల్లదు. ఫ్యాక్సయితే ఎవరు, ఏ రోజు, ఏ వేళకు పంపారో కాగితం నెత్తిమీదే అచ్చవుతుంది. "నోరు మాట మారుస్తుందే. ఇది మార్చదు," అంటూ ఫ్యాక్సు మెషీను మీద కప్పిన తువ్వాలు సర్దేది. ఆ తువ్వాలుకు రోజూ ఇస్త్రీ. లోకమంతా ఫ్యాక్సును అటకెక్కించినా, పిన్ని కౌంటరు చివర, ఆవిరి తగలని మూలలో అది కొత్త పెళ్లికూతురిలా కూర్చునే ఉండేది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఏళ్ల తరబడి డ్రయర్ల రొదలో బతికి మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది. హోటల్ దుప్పటి విప్పి చూసి, ఆ గదిలో పడుకున్నవాడు నిద్రపోయాడో, తెల్లవార్లూ దొర్లాడో చెప్పేస్తుంది. ఒకసారి మా ఇంటి దుప్పటి చూసి, "ఏమే, మీ ఇంట్లో ఎవరూ పడుకోవట్లేదా?" అంది.

పడుకోవట్లేదు. కారణం మా ఆరు నెలల చంటిది.

నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే మీరు నమ్మరు. పాప పుట్టాక ఉద్యోగానికి సెలవు పెట్టి, చదివిన చదువంతా దానిమీద ప్రయోగించాను. జ్వరం చూడటానికి థర్మామీటరు కొన్నాను. అది సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకొకటి కొన్నాను. రెండూ తేడాగా చూపించేసరికి, ఏది నిజమో తేల్చడానికి మూడోది కొన్నాను. పాప నిద్రకు గ్రాఫు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మా ఆయన దాని ముందు నిలబడి, "గ్రాఫు చక్కగా ఉంది. పిల్లే దాన్ని చదువుకోలేదు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళ దాటిందంటే చంటిది రాగం ఎత్తుకునేది. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. ఒకరోజు దాన్ని భుజాన వేసుకుని పిన్నికి ఫోన్ చేయబోయి, ఆవిడ సెల్లుకు బదులు ఫ్యాక్సు నంబరు నొక్కాను. స్పీకరు ఆన్‌లో ఉంది. అవతల మెషీను లైనెత్తి, సన్నగా ఒక కూత కూసి, తర్వాత బరబరా గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. చంటిది తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి విన్నది. ఇంకో నాలుగుసార్లు డయల్ చేసేసరికి నిద్రపోయింది.

మర్నాడు మళ్లీ చేశాను. మళ్లీ పడుకుంది. శాస్త్రీయంగా ఉండాలని ఆ శబ్దాన్ని రికార్డు చేసి వినిపించాను, ఒప్పుకోలేదు. దానికి అసలు సరుకే కావాలి. కడుపులో ఉన్నప్పుడు విన్న చప్పుళ్ల పౌనఃపున్యానికి ఇది దగ్గరగా ఉండి ఉంటుందని మా ఆయనకు వివరించాను.

"నీ కడుపులో ఫ్యాక్సు మెషీనుందా?" అన్నాడు.

పిన్నికి మాత్రం చెప్పలేదు. థర్మామీటర్ల సంగతికే ఆవిడ లాండ్రీ అంతా పడీపడీ నవ్వేలా చేసింది. అయినా ఆ ముసలి యంత్రానికి రోజంతా పనేముంది గనక? నాలుగుసార్లు మోగితే దానికీ కాస్త కాళ్లూ చేతులూ ఆడతాయి అనుకున్నాను. ఆ నాలుగుసార్లు కాస్తా రానురాను మధ్యాహ్నమంతా అయింది.

ఆ నెలాఖరుకే పిన్ని ఒప్పందం గడువు తీరుతుందని నాకు తెలుసు. ఆలోగా హోటల్ నుంచి పొడిగింపు నోటీసు రావాలి. రాకపోతే ఆ దుప్పట్లు ఇంకొకరికి పోతాయి. వీధిలోవాళ్లు ఇచ్చే చొక్కాలతో ఆ పెద్ద మెషీన్లు తిరగవు, ఆ ఇద్దరు ఆడవాళ్ల ఇళ్లు గడవవు. కొత్త మేనేజరు "పంపిస్తామండీ" అన్నాడట, నోటితో. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవాటిని ఒకదానితో ఒకటి కలుపుకోవడమే తెలియలేదు.

ఒక సాయంత్రం ఉతికిన పొత్తిగుడ్డల మూట తెచ్చి పిన్ని మా సోఫాలో కూలబడింది.

"ఏమే, ఆ మెషీనుకు ఏదో అయిందే. మధ్యాహ్నమయ్యేసరికి మోగుతుంది, కూస్తుంది, కాయితం మాత్రం కక్కదు. మళ్లీ మోగుతుంది. చేతిలో పని వదిలి పరిగెడతానా, ఖాళీ! ప్రాణాలు తోడేస్తోందనుకో. చదువుకున్నదానివి, ఏమై ఉంటుందో చెప్పు."

అడగడమే ఆలస్యం. గాలిలో తేమ గురించి, కాగితాన్ని పట్టే సెన్సరు గురించి, లైన్లో వోల్టేజి హెచ్చుతగ్గుల గురించి ఏకబిగిన చెప్పాను. చెబుతుంటే నాకే ముచ్చటేసింది. పిన్ని శ్రద్ధగా విని, మర్నాడు మెకానిక్కును పిలిపించింది. అతను మెషీను విప్పి, తుడిచి, బిగించి, "దీనికి ఏ రోగమూ లేదమ్మా. ఎవరో ఆకతాయి చేస్తున్నాడు," అని టీ తాగి వెళ్లాడు.

"వాడెవడో దొరికితే నానబెట్టి ఉతుకుతాను," అని పిన్ని నాకు ఫోన్లో చెప్పింది.

"మంచి పని చేస్తావు పిన్నీ," అన్నాను.

కనీసం అప్పుడైనా తట్టాలి కదా? తట్టలేదు. ఆకతాయి పనికీ, నా ప్రయోగానికీ నా దృష్టిలో పోలికే లేదు.

గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం చంటిది మామూలుగా రాగం ఎత్తుకుంది. ఫ్యాక్సు నంబరు నొక్కబోతుండగా పిన్ని ఫోనే వచ్చింది.

"హోటల్ గుమాస్తా ఫోన్ చేశాడే. వారం నుంచీ రోజూ భోజనాలయ్యాక పంపుతున్నాడట. ఎప్పుడు కొట్టినా లైను ఎంగేజటే!" ఆ పెద్ద గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. "పోనీ చేత్తో ఇయ్యి నాయనా అన్నాను. 'చెల్లదని మీరే కదమ్మా రాయించారు, మా వకీలు ఒప్పుకోడు' అన్నాడు. సాయంత్రం వాళ్ల ఆఫీసు మూసేలోగా రాకపోతే ఇంక అంతే. ఏ పాపిష్టివాడే ఆ లైను పట్టుకు కూర్చున్నది?"

నాకు చెమటలు పట్టాయి. ఏ థర్మామీటరూ అక్కర్లేకుండా తెలిసింది.

"నేను వస్తున్నా పిన్నీ," అన్నాను. ఇంట్లోనే ఉంటే ఆ ఏడుపుకు నా వేలు ఊరుకోదని నాకు తెలుసు.

చంటిదాన్ని చంకనేసుకుని లాండ్రీదాకా ఉన్న రెండు వీధులూ ఆగకుండా నడిచాను. దారిపొడవునా అది గుక్కపెట్టి ఏడుస్తూనే ఉంది. చూసినవాళ్లు నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్నని అనుకుని ఉంటారు. లాండ్రీలో మెషీను మోగితే వినపడాలని డ్రయర్లన్నీ ఆపేశారు. ఆడవాళ్లిద్దరూ తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. పిన్ని ఫ్యాక్సు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఆ లైను పట్టుకు కూర్చున్నది నేనే పిన్నీ."

విషయమంతా చెప్పాను. పౌనఃపున్యం సంగతి మాత్రం ఎత్తలేదు.

పిన్ని నన్ను చూసింది. ఏడుస్తున్న పిల్లను చూసింది. "జోలపాట రాదుటే నీకు?"

"వచ్చు. పాడితే ఇంకా ఎక్కువ ఏడుస్తుంది."

"నాతో చెబితే నేను పాడకపోదునా?"

దుప్పటి పట్టుకున్నవాళ్లలో ఒకామె, "నువ్వు పాడితే పిల్ల ఊరొదిలి పోతుందక్కా," అంది.

"నోరుముయ్యవే" అని పిన్ని అంటుండగానే మెషీను మోగింది.

ఎవరూ కదల్లేదు. మెషీను లైనెత్తి సన్నగా కూసింది. నా భుజం మీద ఏడుపు టక్కున ఆగింది. ఈసారి అవతలి నుంచి ఇంకో మెషీను జవాబిచ్చింది. రెండూ కాసేపు గొణుక్కున్నాయి. కాగితం మెల్లగా తల బయటపెట్టింది. తేదీ, వేళ, హోటల్ నంబరు. పిన్ని కళ్లజోడు కోసం కౌంటరంతా తడుముతోంది. అది ఆవిడ నెత్తిమీదే ఉంది.

"చదవవే!"

"మీతో గల ఒప్పందమును..." అన్నాను. తర్వాతి వరుస ఇంకా మెషీను కడుపులోనే ఉంది. అది బయటికి వచ్చేదాకా నేను మా చంటిదాని ఊపిరి విన్నాను. "...మరి మూడు సంవత్సరములు పొడిగించుచున్నాము."

తడి దుప్పటి నేలమీద పడింది. దాన్ని మళ్లీ ఉతకాలని ఆ క్షణాన ఎవరికీ బాధ కలగలేదు.

"కింద ఇంకేదో ఉంది పిన్నీ. ఇకమీదట నోటీసులన్నీ ఈమెయిల్లోనే పంపుతారట. సమ్మతమైతే సంతకం పెట్టి తిప్పి పంపమన్నారు."

"ఎందులో పంపాలి?"

"ఫ్యాక్సులో."

పిన్ని మెషీను కేసి చూసింది. "దాని చావు కబురు దానిచేతే చెప్పిస్తున్నారన్నమాట." సంతకం పెట్టబోయి ఆగింది. "ఏమే, ఈమెయిలు వస్తే కూస్తుందా?"

"లేదు. చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది."

"మరి దీని గతేమిటే?" అంది, నా భుజం మీద నిద్రపోయినదాన్ని చూపిస్తూ. అయినా సంతకం పెట్టింది.

లైను మాత్రం పీకించలేదు. "నీ ఇష్టం వచ్చినప్పుడు కొట్టుకో. ఇక దానికి వేరే పనేముంది?" అంది. మెషీను మీది తువ్వాలుకు ఇస్త్రీ ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

మొన్న చంటిది ఏ కూతా లేకుండా తనంతట తాను నిద్రపోయింది. నమ్మకం కుదరక ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. థర్మామీటర్లు తీయబోయి నన్ను నేను ఆపుకున్నాను. పిల్లిలా నడిచి వెళ్లి గ్రాఫు మీద చుక్క పెడుతుండగా ఫోన్ మోగింది. కంగారులో ఎత్తాను. స్పీకరు ఆన్‌లోనే ఉంది.

"ఏమే!" పిన్ని గొంతు మళ్లీ డ్రయర్లను మించి మోగింది. "మెషీను ఇవాళ మోగలేదేమే? పిల్లకు ఒంట్లో బాగానే ఉందా?"

చంటిది లేచి రాగం ఎత్తుకుంది.

"బాగానే ఉంది," అన్నాను. "ఫోన్ పెట్టెయ్ పిన్నీ, ఫ్యాక్సు కొట్టాలి."