దుర్గకు రెండో కాన్పు

2006లో నేను ఏలూరులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. హెచ్ఐవీ ఉన్న తల్లుల నుంచి పుట్టబోయే బిడ్డలకు అది సోకకుండా చూసే విభాగం మాది. రక్తపరీక్షకు ముందూ తర్వాతా వాళ్ళతో మాట్లాడటం నా పని. చాలామంది కడుపుతో ఉండగా వచ్చి, సంగతి విని కూలబడిపోయేవారు. దుర్గ మాత్రం కడుపు రాకముందే వచ్చింది.

వాళ్ళది కొల్లేరులో ఒక లంక గ్రామం. భర్త సత్తిబాబు చేపల చెరువుకి కాపలా ఉంటూ మేత వేసేవాడు. తమకి హెచ్ఐవీ ఉందని ఇద్దరికీ మొదటి పాప చనిపోయాకే తెలిసింది. ఆ పాప ఏడాది నిండకుండానే జ్వరాలతో, విరేచనాలతో క్షీణించిపోయింది.

"ఇంకో బిడ్డని కనాలనుందండి. కనొచ్చా అండీ?" అని అడిగింది దుర్గ.

సత్తిబాబు గుమ్మం దాటి లోపలికి రాలేదు. "వద్దని చెప్పండి మేడంగారూ. మీరు చెబితే వింటదండి. ఆ పిల్లని ఈ చేతుల్తోనే పూడ్చానండి. ఇంకోసారంటే నా వల్ల కాదు."

కనమని గానీ వద్దని గానీ చెప్పే హక్కు నాకు లేదు. ఉన్న విషయం చెప్పాను. నొప్పులు మొదలవగానే తల్లి నెవిరపిన్ అనే మాత్ర వేసుకోవాలి. పుట్టాక బిడ్డకు అదే మందు సిరప్‌గా పట్టాలి. అప్పట్లో మా చేతిలో ఉన్నది అదే. దానివల్ల ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

"పోదా అండీ?" అన్నాడు సత్తిబాబు.

"తగ్గుద్దంటున్నారు కదా," అంది దుర్గ.

ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఎంతుందో చెప్పే సీడీ4 పరీక్ష చేయించి, ఆమె ఆరోగ్యం బాగానే ఉందన్నారు డాక్టరుగారు. మరుసటి ఏడు దుర్గ తన పట్టుదలే నెగ్గించుకుని కడుపుతో వచ్చింది. కాన్పుకి ముందుగానే ఏలూరు వచ్చి ఉండమన్నాం. ఎందుకైనా మంచిదని మాత్ర చేతికిచ్చాం.

వానలకు కొల్లేరు పొంగింది. నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. ఒక మధ్యాహ్నం సత్తిబాబు ఫోన్ చేశాడు.

"మాత్ర వేసుకుందండి. వేసుకున్న కాసేపటికే కక్కేసిందండి. ఇంకోటి లేదండి మా దగ్గర!"

"ఎక్కడున్నారు?"

"దోనెలో అండి. గట్టుదారి మునిగిపోయింది."

"రోడ్డెక్కగానే ఆటో మాట్లాడుకుని తిన్నగా వచ్చెయ్యండి. ఇంకో మాత్ర పట్టుకుని గేటు దగ్గరే ఉంటాను."

దుర్గ కేక వినిపించింది. ఫోన్ కట్టయిపోయింది.

గేటు దగ్గర వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. మందు ఒంట్లో కలవడానికి కొంత సమయం కావాలి. దారిలోనే కాన్పయితే? ఆటోలోనే బిడ్డ పుట్టేస్తే? మాత్ర పొట్లం నా చెమటకి తడిసిపోయింది.

చివరికి వచ్చారు. ఆటో దిగకుండానే దుర్గ మాత్ర మింగి, రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకుంది. "ఈసారి కక్కనండి," అంది ఆ వేళ్ళ సందులోంచే.

పొద్దువాలే వేళకి ఆడపిల్ల పుట్టింది. సిరప్ పట్టారు.

తల్లిపాల వల్ల కూడా సోకవచ్చని డాక్టరుగారు చెప్పడంతో డబ్బాపాలు పట్టాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. జబ్బు సంగతి తెలియని అత్తగారికి పాలు పడలేదని చెప్పి, దుర్గ చెమ్మగిల్లే గుండెలకి గుడ్డ బిగించి కట్టుకుంది. మా పరీక్ష వెతికేది రోగంతో పోరాడే యాంటీబాడీలను; తల్లి రక్తం నుంచి వచ్చినవి బిడ్డలో కొన్నాళ్ళు ఉంటాయి. అందుకే పద్దెనిమిది నెలలు నిండేదాకా పరీక్ష మీద ఖాయంగా ఏమీ చెప్పలేకపోయేవాళ్ళం. ఈలోగా పాపకి ఒళ్ళు కాస్త వెచ్చబడినా పరుగెత్తుకొచ్చేవారు. పాప ఎప్పుడూ దుర్గ చంకలోనే ఉండేది. ఎత్తుకోరేమని ఒకసారి సత్తిబాబుని అడిగాను.

"అలవాటైపోతే కష్టమండి," అన్నాడు.

పరీక్ష చెయ్యాల్సిన నెల వచ్చింది. వాళ్ళు రాలేదు. ఫోన్ చేస్తే దుర్గ మాట్లాడింది.

"ఇప్పుడు బాగుందండి. ఆడుకుంటంది. పరీక్షలో ఉందని తేలితే, ఇంక దీని ఆట ఎలా చూడమంటారండీ?"

నేను బలవంతపెట్టలేదు. ఒకవేళ ఉంటే పాపకి మందులు త్వరగా మొదలుపెట్టొచ్చని మాత్రం చెప్పాను. చాలా రోజుల తర్వాత వచ్చారు. సూది గుచ్చుతుంటే దుర్గ గోడవైపు తిరిగిపోయింది. పాప ఏడుస్తూ చేతులు చాస్తే సత్తిబాబే ఎత్తుకున్నాడు. ఫలితం వచ్చేవరకూ దించలేదు.

"పాపకి లేదమ్మా," అన్నాను.

సత్తిబాబు పాపతో సహా నేలమీద కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. దుర్గ ఏడవలేదు. బెదురు మొహంతో నన్ను చూసింది.

"మేవిద్దరం పోతే దీన్నెవరు చూస్తారండీ?"

నేనింకా సంతోషంలోనే ఉన్నాను. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. వాళ్ళని కూర్చోబెట్టి, హెచ్ఐవీని అదుపులో ఉంచడానికి జీవితాంతం వాడాల్సిన ఏఆర్‌టీ మందుల గురించీ, అవి ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియాలంటే మానకుండా చేయించుకోవాల్సిన పరీక్షల గురించీ మొదటినుంచి చెప్పాను. ఈసారి సత్తిబాబు గుమ్మం దగ్గర నిలబడలేదు. నా ఎదురుగా కూర్చుని ప్రతి మాటా రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత పిల్లలు కావాలంటూ ఏ దంపతులు వచ్చినా, పుట్టబోయే బిడ్డ కంటే ముందు వాళ్ళిద్దరి ప్రాణాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. కనడానికి ఎంత భయపడతారో, కన్నాక తాము బతికుంటామో లేదోనని అంతకంటే ఎక్కువ భయపడతారని నాకు దుర్గ వల్లే తెలిసింది.