పందెం అన్న మాటకు రెండు అనువాదాలు

2017లో నేను రియాద్‌లోని ఒక లైసెన్సు పొందిన అనువాద కార్యాలయంలో సీనియర్ అనువాదకుణ్ని. కర్నూలులో తెలుగు మీడియం బడిలో చదివి, మదరసాలో అరబ్బీ నేర్చుకున్నవాణ్ని కాబట్టి తెలుగు, ఉర్దూ కాగితాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. డిపెండెంట్ల మీద, అంటే వెంట ఉంచుకున్న కుటుంబ సభ్యుల మీద, తలకింతని లెవీ (రుసుము) మొదలైన ఏడాది అది. నితాఖాత్ నిబంధన ప్రకారం సౌదీ ఉద్యోగుల సంఖ్య పెంచాల్సి రావడంతో, మా ఆఫీసులో విదేశీయుల్లో నేనొక్కణ్నే మిగిలాను.

ఆ చలికాలంలో మస్తాన్ అనే ఏసీ టెక్నీషియన్ కోర్టు ఉత్తర్వు పట్టుకొని వచ్చాడు. ఊరు నంద్యాల. లెవీ భరించలేక భార్యనూ కూతురినీ అప్పటికే ఇంటికి పంపేశాడు. కొడుకు ఇంతియాజ్ మాత్రం ఒక విశ్వవిద్యాలయంలో క్రీడా స్కాలర్‌షిప్ మీద చదువుతూ, ఆ సంస్థ ఇచ్చిన ఇకామా మీద, అంటే నివాస అనుమతి మీద, ఉన్నాడు. పదిహేను వందల మీటర్ల పరుగులో జట్టుకు అతనే ముందు.

అతను స్నేహితుడికి తెలుగులో పంపిన రెండు ఫోన్ సందేశాలు క్రమశిక్షణ సంఘం చేతికి చిక్కాయి. మొదటిది: "రేపటి పందెం నాదే, రాసిపెట్టుకో." రెండోది: "మొన్న క్రికెట్ మ్యాచ్ మీద పందెం కాశా. పోయింది." వేరే ఆట మీద జూదమాడితే ఒక సీజన్ నిషేధం. తాను పాల్గొనే పోటీ మీదే ఆడితే శాశ్వతంగా అనర్హత. సంఘం దగ్గరున్న అనువాదంలో రెండు చోట్లా 'జూదం' అనే ఉంది. దాంతో అతన్ని శాశ్వతంగా తొలగించారు. స్కాలర్‌షిప్ పోతే ఇకామా పోతుంది, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్టే, దేశం వదిలి వెళ్లిపోవడమే. తండ్రీకొడుకులు పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లారు. కొత్త అనువాదం తెమ్మని ధర్మాసనం ఆదేశించింది.

సందేశాలు చదవగానే నాకు విషయం అర్థమైంది. మొదటిది పరుగు పందెం. రెండోది డబ్బు పందెమే. ఆ మాటే మస్తాన్‌కు చెప్పాను.

"రెండూ పరుగు పందెమనే రాయండి సార్. ఈడ తెలుగు సదివేటోళ్లు ఎవురున్నారు?" అన్నాడు.

రాయలేనన్నాను. "మీరు మనోళ్లని నమ్మి వచ్చినా" అంటూ కాగితాలు లాక్కొని మా యజమాని గదిలోకి వెళ్లాడు. ఆ సౌదీ పెద్దమనిషి అంతా విని, ఈ అనువాదకుడు ఏది రాస్తే దాని మీదే మా ముద్ర పడుతుందని చెప్పి పంపాడు. నా ఉద్యోగం ఊగిసలాడుతున్న ఆ రోజుల్లో ఆయన అలా నిలబడినందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

మర్నాడు ఇంతియాజే కాగితాలు తెచ్చాడు. "క్రికెట్ మీద కాసింది నిజమే సార్. నా పరుగు మీద మాత్రం కాయల్యా. ఉండేది ఉన్నట్టే రాయండి" అన్నాడు. తండ్రికి చెప్పే వచ్చావా అని అడిగితే తల ఊపాడు.

విచారణ రోజు న్యాయమూర్తి నన్ను పిలిచి, ఒకే మాటను రెండు రకాలుగా ఎందుకు రాశావని అడిగారు. తెలుగులో ఆ మాట పోటీకీ వాడతారు, జూదానికీ వాడతారు. 'కాయడం' అన్న క్రియ పక్కన చేరితే జూదమే అని వివరించాను. 'రాసిపెట్టుకో' అన్నది పందెం నమోదు చేయమని కాదు, గెలుపు మీద ధీమా అన్నాను.

"అయితే రెండోది ఈ కుర్రాడికి వ్యతిరేకమే కదా?" అన్నారాయన.

అవునన్నాను. ఆయన నా కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నారు.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. శాశ్వత అనర్హత రద్దు, క్రికెట్ పందేనికి ఒక సీజన్ నిషేధం ఖాయం, స్కాలర్‌షిప్ కొనసాగింపు. రెండో సందేశాన్ని దాచకుండా అనువదించినందున మొదటిదాని వివరణను కూడా నమ్మదగినదిగా తీసుకున్నామని తీర్పులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని మస్తాన్‌కు నేనే చదివి వినిపించాను. మరోసారి చదవమన్నాడు. చదివాను. "ఆ పొద్దు మీ మీద అరిసినా సార్, మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ దస్తావేజు వచ్చినా, కక్షిదారుకు నష్టం చేసే వాక్యాన్నే ముందుగా అనువదించేవాణ్ని. మిగతా పని సులువయ్యేది.