మేస్త్రి బొమ్మ లారీ

ముప్పై ఏళ్ళు లారీలు బాగుచేసి మానేసిన మేస్త్రికి ఇప్పుడున్నది మూరెడు పొడవు రిమోట్ లారీ ఒక్కటే. పొద్దున్నే పేపరు చుట్టి దాని తొట్టిలో పెట్టి, వీధి చివర ఉన్న అక్కగారింటికి పంపిస్తాడు. ఎదురొచ్చే సైకిళ్ళవాళ్ళు కూడా పక్కకి తప్పుకుని దానికి దారిస్తారు. సరిగ్గా అక్క గేటు దగ్గరే బ్యాటరీ అయిపోతుంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ అరుగు దిగలేదు. అందుకని తనే చెప్పులేసుకుని వెళ్ళి, నాలుగు వార్తలు చదివి వినిపించి, లారీని చంకన పెట్టుకుని వస్తాడు.

ఎంతైనా మెకానిక్కు. దారిలో ఆగిపోయే బండిని చూస్తే ప్రాణం ఒప్పదు. రెండింతల బ్యాటరీ తెచ్చాడు. అది పట్టేలా లారీ అడుగున ఛాసిస్ రేకు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు. బరువు వెనక్కి పడితే మూతి పైకి లేస్తుందని కాస్త ముందుకి జరిపి బిగించాడు. దేవుడికి దండం పెట్టి స్విచ్ వేశాడు. లారీ గేటు దాటి, అరుగు మీదికున్న వాలు ఎక్కి, అక్క కుర్చీ దగ్గర తొట్టి ఎత్తి పేపరు దించి, తిరిగొచ్చేసింది. వెంటనే ఫోను మోగింది.

"చూశావా అక్కా! ఇక నేను రానక్కర్లేదు."

"చూశాన్రా, భేషుగ్గా ఉంది. మరి ఈ పేపరు చదివి చెప్పేదెవరు? నీ లారీయా?"

మర్నాడు మేస్త్రి పాత బ్యాటరీయే పెట్టాడు. కోసిన చోట అది లొడలొడలాడుతుంటే చుట్టూ గుడ్డ మడిచి బిగించి, రిమోట్ కంటే ముందు చెప్పులు వెతుక్కున్నాడు.