దిండుమీది కాళ్లు

ఈ సాయంత్రం మేజోళ్లు విప్పి పిక్క కింద బొటనవేలితో నొక్కితే గుంట పడింది. అది నెమ్మదిగా పూడుతుంటే రూతమ్మగారు గుర్తొచ్చారు.

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో ఆవిడది మా పక్క క్వార్టరు. ఏలూరు వైపు నుంచి వచ్చిన నర్సు. నాన్న అక్కడి వ్యాగన్ రిపేరు షాపులో వెల్డరు. ఒక ఎండాకాలం ఆయనకు నిద్ర కరువైంది. రాత్రంతా మాటిమాటికీ మూత్రానికి లేచేవారు. లేచినప్పుడల్లా ధారాళంగా వచ్చేది. పగలు పనిలో కునుకు. ఒకరోజు చేతిలో వెల్డింగు మంట వెలుగుతుండగానే కునికి తూలారు. ఇంకోసారి అలా జరిగితే వెల్డింగు మాన్పించి చీపురు పట్టిస్తానన్నాడు ఫోర్‌మన్. షుగరేమోనని పరీక్ష చేయిస్తే లేదన్నారు. దాంతో నాన్న నీళ్లు తాగడమే మానేశారు.

"ఈ ఎండలో నీళ్లు మానేస్తారా అన్నయ్యా? పాగల్ అయ్యారా?" అంటూ రూతమ్మగారు వచ్చి ఆయన కాలు నొక్కి చూశారు. గుంట పడింది. పగటి మూత్రం, రాత్రి మూత్రం వేరువేరు డబ్బాల్లో పట్టమన్నారు. నాన్న సిగ్గుతో చచ్చిపోయారు గాని పట్టారు. రాత్రి డబ్బాయే బరువు. ఆవిడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయన్నాక ఆయన విడమరిచి చెప్పారు: రోజంతా నిలబడితే నీరు కాళ్లలోకి దిగుతుంది, పడుకోగానే తిరిగి రక్తంలో కలిసి మూత్రమవుతుంది. బీపీ కోసం నాన్న రాత్రి వేసుకునే, నీరు తీసే బిళ్లను మధ్యాహ్నానికి మార్చారు. నీళ్లు పగలే తాగమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, డ్యూటీ దిగగానే కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకోమన్నారు.

ఆ చివరిదే కుదరలేదు. సాయంత్రం మా వరండాకు ఎవరో ఒకరు వచ్చేవారు. మనిషి కనపడితే చాలు, నాన్న కాళ్లు దించేసేవారు.

"మీ మొహాన కాళ్లు చాపడమా సిస్టరమ్మా? పాపం కాదూ?"

"పేషెంట్ల కాళ్లు పట్టుకుంటేనే నా జీతం. మీవేమైనా స్పెషలా?"

ఆవిడ ఆ కాళ్లను తన చేతులతో ఎత్తి దిండ్లమీద పెట్టి, సరిగ్గా వాటికెదురుగా కుర్చీ వేసుకుని టీ తాగారు. మర్నాడూ వచ్చి అక్కడే కూర్చున్నారు. ఎదురింటి సింహాచలం మామ చూసి, "నవాబ్ సాబ్ ఐపోనావేటి? హుక్కా ఏదీ?" అన్నాడు.

"నీదీ నిలబడే పనే కదా తమ్ముడూ. రా, పక్కన చాపు," అన్నారు రూతమ్మగారు.

మామ నవ్వుతూనే చాపాడు. ఆ తరవాత నాన్న ఎవరొచ్చినా కాళ్లు దించలేదు. రాత్రి ఒకసారి లేచేవారు, అంతే. రిటైరయ్యేదాకా వెల్డరుగానే ఉన్నారు.

చాలా ఏళ్లకు, రూతమ్మగారి చివరి రోజుల్లో ఆవిడను చూడటానికి వెళ్లాను. నన్ను చూడగానే ఆవిడ దిండుమీది కాళ్లు దించబోయారు. నేను వాటిని పట్టుకుని మళ్లీ పైన పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ టీ ఇమ్మని కూతురికి సైగ చేశారు.

ఇప్పుడు నేనూ దిండుమీద కాళ్లు పెట్టుకుని ఉండగా మా కోడలు టీ తెచ్చింది. కాళ్లు దించబోయి ఆగాను. కుర్చీ ఇటు వేసుకోమ్మా అన్నాను.